తెలెంగా నుంచి తిలంగీ దాకా

కటక్ నగరంలో తెలెంగా బజార్ అనే పేట ఉంది. బీహార్‌లో, కాశీ వైపు పిల్లలు ఎగరేసే ఒక రకం గాలిపటం పేరు తిలంగీ. నేపాలీలో తిలంగా అంటే సిపాయి. కాశీలో పంచగంగా ఘాట్ దగ్గర తైలంగ స్వామి మఠం ఉంది. హిందుస్తానీ సంగీతంలో తిలంగ్ అనే రాగం ఉంది. పేట, గాలిపటం, సిపాయి, సన్యాసి, రాగం. వీటన్నిటి వెనకా ఉన్నది తెలుగువాళ్ల పేరే.

ఆ పేరు ఇంకా తన మొదటి అర్థంలోనే బతికిన చోటు గంజాం జిల్లా. బరంపురంలో, ఛత్రపురంలో, రుషికుల్యా నది ఒడ్డు పల్లెల్లో ఒడియా మాట్లాడేవాళ్లు తమ పక్కింటి తెలుగువాళ్లను తరతరాలుగా తెలెంగా అంటూ వచ్చారు. ఆ మాటకు అక్కడ సిపాయి అనీ గాలిపటం అనీ అర్థం లేదు. తెలుగు మాట్లాడే మనిషి అనే ఒక్కటే అర్థం. అదే మాట గంజాం పొలిమేర దాటి ఉత్తరానికి, తూర్పుకి వెళ్లినకొద్దీ రకరకాల వేషాలు వేసింది. ఎందుకలా జరిగిందో చూడాలంటే ముందు ఆ మాట పుట్టుక దగ్గరికి వెళ్లాలి.

తెలుగు అన్న పేరు ఎలా వచ్చిందనే ప్రశ్నకు పండితుల జవాబులు మూడు దారుల్లో సాగాయి. మొదటిది అందరికీ తెలిసినది: శ్రీశైలం, కాళేశ్వరం, ద్రాక్షారామం అనే మూడు శివక్షేత్రాల నడుమ ఉన్న దేశం త్రిలింగ దేశం, త్రిలింగమే తెలుగు అయింది. కాకతి ప్రతాపరుద్రుడి ఆస్థానంలోని విద్యానాథుడు ఈ మూడు క్షేత్రాలనూ చెప్పాడు. 17వ శతాబ్దంలో అప్పకవి ఈ వ్యుత్పత్తిని గట్టిగా నిలబెట్టాడు. సి.పి. బ్రౌన్‌కు మాత్రం ఇది నమ్మశక్యంగా తోచలేదు. వాడుకలో ఉన్న దేశిమాటకు పండితులు తర్వాత తొడిగిన సంస్కృత రూపమే త్రిలింగం అని చాలామంది భాషాశాస్త్రజ్ఞుల అభిప్రాయం.

రెండో దారి దక్షిణాన్ని చెప్పే ‘తెన్’ అనే ద్రావిడ ధాతువు నుంచి మొదలవుతుంది. నన్నయ వాడిన ‘తెనుగు’ రూపానికి ఇది దగ్గర. భద్రిరాజు కృష్ణమూర్తి మొగ్గు ఇటువైపే.

గంజాంకు దగ్గరగా వచ్చేది మూడో దారి. త్రికళింగం నుంచే తెలింగం వచ్చిందని కొందరు చరిత్రకారులు వాదించారు. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ ‘మొదొగలింగ’ అనే పేరు రాశాడు. 19వ శతాబ్దపు పండితులు దాన్ని ‘మూడు కళింగ’ అని విడదీసి చదివారు. ఆ తర్వాతి శతాబ్దంలో గ్రీకు భూగోళవేత్త టాలెమీ ‘త్రిలింగాన్’ అనే చోటును పేర్కొన్నాడు, కాకపోతే దాన్ని గంగకు ఆవల పెట్టాడు. తూర్పు గాంగరాజులు త్రికళింగాధిపతి అనే బిరుదు మోశారు. వాళ్ల రాజధాని కళింగనగరం నేటి శ్రీకాకుళం జిల్లాలోని ముఖలింగం. 12వ శతాబ్దంలో అనంతవర్మ చోడగంగదేవుడు రాజధానిని కటకానికి (నేటి కటక్) మార్చాడు. అంటే ఇప్పుడు రెండు రాష్ట్రాలుగా ఉన్న ఈ నేల శతాబ్దాల పాటు ఒకే సింహాసనం కింద ఉంది.

అంతకంటే ముందు, క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో, అశోకుడు గంజాం నడిమధ్యలో రుషికుల్యా ఒడ్డున జౌగడ కొండరాతి మీద తన శాసనాలు చెక్కించాడు. కళింగ ప్రజల కోసం ప్రత్యేకంగా రాయించిన రెండు శాసనాలు ధౌలిలో, జౌగడలో ఉన్నాయి. జౌగడ శాసనాలు ‘సమాపా’ అనే ఊరి అధికారులకు ఉద్దేశించినవి. అవి ప్రాకృతంలో ఉన్నాయి. ఒడియా, తెలుగు రెండూ రాతకు ఎక్కింది ఆ తర్వాత ఎన్నో శతాబ్దాలకు. నేటి శ్రీకాకుళం జిల్లాలోని ఉరజాంలో దొరికిన 1051 నాటి శాసనం ఒడియాలో దొరికిన తొలి శాసనాల్లో ఒకటి. ఒడియా భాష తన పాతరాతను తెలుగు జిల్లాలో దాచుకోవడం ఈ ప్రాంతం తెలిసినవాళ్లకు వింతగా తోచదు. శ్రీకూర్మం, సింహాచలం గోడల మీద తెలుగు, సంస్కృతం, ఒడియా శాసనాలు కలిసే ఉంటాయి.

ఇలా కలిసి బతికిన చోట ఒకరికొకరు పెట్టుకునే పేర్లు పుడతాయి. ఒడియావాళ్లు వీళ్లను తెలెంగా అన్నారు. తెలుగువాళ్లు వాళ్లను ఒడ్డెవాళ్లు, ఒడ్రులు అన్నారు. ఈ రెండో పేరు ప్రయాణం కూడా చూడదగ్గదే. దక్షిణాదిన చెరువులు తవ్వే, రాళ్లు కొట్టే కులానికి ఒడ్డె, వడ్డెర అనే పేర్లున్నాయి. ఓఢ్ర దేశం నుంచి వచ్చారు కాబట్టి ఆ పేరు వచ్చిందని 1891 మద్రాసు జనాభా లెక్కల నివేదిక చెప్పింది, 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ తన కులాల, తెగల సంపుటాల్లో దాన్నే చేర్చాడు. ఒక దేశం పేరు దూరానికి వెళ్లేసరికి ఒక పనికి పేరైపోయింది. తెలెంగా అనే మాటకు జరిగింది కూడా ఇదే.

ఒడిశా చరిత్రలో ఈ మాట మోసిన అతి పెద్ద మనిషి ఒక రాజు. 1560 ప్రాంతంలో సింహాసనం ఎక్కిన ముకుందదేవుడు తెలుగు మూలాలున్న చాళుక్య వంశీకుడు. అక్బరుతో మైత్రి చేసుకుని బెంగాల్ సుల్తానులను ఎదిరించాడు. 1568లో అతను చనిపోవడంతో ఒడిశాలో స్వతంత్ర హిందూ రాజ్యం ముగిసిపోయింది. ఒడియా జనం అతన్ని తెలెంగా ముకుందదేవుడనే గుర్తుపెట్టుకున్నారు. ఒడిశా ఆఖరి స్వతంత్ర రాజు పేరు ముందు తెలుగువాళ్ల పేరు ఉంది. పూరీ జగన్నాథుడి ఉత్సవాల్లో ఘంట, కాహళితో పాటు తెలింగి బాజా మోగుతుంది. కటకం దగ్గర తెలెంగాపెంఠ అనే ఊరూ ఉంది.

గంజాంలోకి వస్తే తెలుగువాళ్లు ఏదో ఒక వృత్తిలో కాదు, అన్ని వృత్తుల్లోనూ కనిపిస్తారు. బరంపురం పట్టునగరం అనిపించుకోవడానికి మూలం తెలుగు నేతపనివాళ్లు. మహురి సంస్థానం పాలకులు తెలుగునేల నుంచి వాళ్లను రప్పించి నిలబెట్టారని స్థానిక సంప్రదాయం చెబుతుంది. దేరా సముదాయంగా పిలిచే ఆ నేతవాళ్ల ఇలవేలుపే బరంపురం బుఢీ ఠాకురాణి. రెండేళ్లకోసారి చైత్రంలో జరిగే ఠాకురాణి యాత్రకు దేరా కులపెద్ద దేశిబెహరా ముందుంటాడు. ఆయన ఉండే దేశిబెహరా వీధిలో అమ్మవారికి తాత్కాలికంగా గుడి వేస్తారు. వారాలపాటు రోజూ రాత్రి ఘటాలు ఊరేగుతాయి. మొక్కుబడి ఉన్నవాళ్లు పులివేషం మొదలుకొని రకరకాల వేషాలు కడతారు. ఉత్తరాంధ్ర గ్రామదేవతల జాతర చూసినవారికి ఇందులో కొత్త ఏమీ ఉండదు: ఘటాలు ఉన్నాయి, పుట్టింటికొచ్చిన ఆడపడుచుగా అమ్మవారిని చూసుకునే ప్రేమ ఉంది. తేడా పేరులోనే. ఇక్కడ జాతర, అక్కడ యాత్ర. రెండూ ఒకే సంస్కృత పదం నుంచి వచ్చినవే. పట్టు సంగతీ అంతే. తెలుగులో పట్టు, ఒడియాలో పట్టా. గుడిగోపురపు అంచుండే బరంపురం పట్టాచీరకు, మగవాళ్ల పట్టుబట్టల జోడాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ చీర ఒడియా పెళ్లికూతురి ఒంటి మీద ఉంటుంది, ఆ మగ్గం తెలుగింట్లో ఆడింది.

మగ్గంలోనే కాదు, కోర్టులోనూ తెలుగువాళ్లే. మద్రాసు రాజధానిలో గంజాం ఒక జిల్లాగా ఉన్న రోజుల్లో కచేరీ గుమాస్తాలు, వకీళ్లు, బడిపంతుళ్లలో తెలుగువాళ్లు చాలామంది. భారత నాలుగో రాష్ట్రపతి వరాహగిరి వెంకటగిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. ఆయన తండ్రి జోగయ్య పంతులు అక్కడ పేరున్న వకీలు. ఇలా నేతగాడు, వకీలు, వర్తకుడు, కూలీ అందరూ తెలుగువాళ్లే అయిన చోట తెలెంగా అనే పేరు ఏ ఒక్క పనికీ కుదించుకుపోలేదు. దూరప్రాంతాల్లో కుదించుకుపోయింది. ఎక్కడ తెలుగువాడు ఏ ఒక్క వేషంలో కనిపించాడో అక్కడ ఆ వేషానికే అతని పేరు అంటుకుంది.

ఉత్తరాదికి ఈ మాటను మొదట మోసుకెళ్లిన భాష ఫారసీ. ఢిల్లీ చరిత్రకారులు కాకతీయుల రాజ్యాన్ని తిలంగ్ అన్నారు. 1323లో ఓరుగల్లు పడిపోయాక తుగ్లక్ నాణేల మీద ‘ముల్క్-ఎ-తిలంగ్’ అనే టంకశాల పేరు కనబడుతుంది. సంగారెడ్డి జిల్లా తెల్లాపూర్‌లోని 1417 నాటి శాసనంలో ‘తెలుంగణపురం’ ఉంది. దేశం పేరుగా ఇది గౌరవమైన మాట. తిలంగ్ రాగం పేరు కూడా తెలుగునేల నుంచే వచ్చిందని భావించే సంగీతకారులున్నారు. ఆ రాగానికి సిక్కుల పవిత్రగ్రంథంలోనూ చోటుంది: గురుగ్రంథ్ సాహిబ్‌లో తిలంగ్ పేరుతో ఒక విభాగమే ఉంది, బాబర్ దండయాత్రను గురునానక్ తలచుకున్న రచన అందులోనిదే.

సంస్కృతం ఇదే మాటకు తైలంగ అనే రూపం ఇచ్చి పండితులకు కేటాయించింది. పంచద్రావిడ బ్రాహ్మణుల్లో తైలంగులు ఒక శాఖ. 1479లో పుట్టి పుష్టిమార్గాన్ని స్థాపించిన వల్లభాచార్యులది తైలంగ కుటుంబం. కోనసీమ ముంగండ నుంచి బయల్దేరి షాజహాన్ కొలువులో పండితరాయ బిరుదు పొందిన జగన్నాథుడు తైలంగుడే. గుజరాత్, రాజస్థాన్ ఆలయాల్లో తైలంగ భట్టు అంటే అర్చకుడు, ఆచార్యుడు అని అర్థం. కాశీలో ఆ పేరు ఇంకా పైకెక్కింది. విజయనగరం ప్రాంతంలో పుట్టిన శివరాముడనే ఆయన సన్యసించి గంగ ఒడ్డున స్థిరపడ్డాడు. తెలుగుదేశం నుంచి వచ్చాడు గనుక జనం తైలంగ స్వామి అన్నారు, బెంగాలీలు త్రైలంగ స్వామి అన్నారు. రామకృష్ణ పరమహంస ఆయన్ను కాశీలో నడిచే శివుడిగా భావించారు. 1887లో ఆ స్వామి కన్నుమూశారు. తెలుగునాట ఆయన పేరు తెలిసినవాళ్లు తక్కువ, బెంగాల్‌లో ఆయన పటం ఉన్న పూజామందిరాలు ఎన్నో.

అదే కాలంలో, అదే గంగాతీరంలో, ఇంకో గుంపు ఈ మాటకు బొత్తిగా వేరే అర్థం ఇచ్చింది.

1756 చివర్లో రాబర్ట్ క్లైవ్ కలకత్తాను తిరిగి పట్టుకోవడానికి మద్రాసు నుంచి ఓడల్లో బయల్దేరినప్పుడు అతని వెంట ఆంగ్లేయ సైనికులతో పాటు దాదాపు 1,500 మంది మద్రాసు సిపాయిలున్నారు. యూరోపియన్ పద్ధతిలో కవాతు చేసి, వరసకట్టి తుపాకులు పేల్చే దేశీ సైనికుణ్ణి బెంగాల్ అప్పటికి చూడలేదు. ఆ సైనికుల్లో తెలుగువాళ్లు ఎందరున్నారన్నది అక్కడి జనానికి అనవసరం. వాళ్లు తెలంగుల దేశం వైపు నుంచి వచ్చారు, కాబట్టి తెలింగాలు. 1757లో క్లైవ్ బెంగాల్‌లోనే మనుషులను చేర్చుకుని ఎర్రకోటు తొడిగి ‘లాల్ పల్టన్’ తయారుచేశాడు. ఆ పల్టనులో చేరిన ఉత్తరాది జవానునూ తిలంగా అనే పిలిచారు. అక్కడితో ఆ పేరుకు, తెలుగు భాషకు ఉన్న ముడి తెగింది.

తిలంగా అంటే ఇక ఎర్రకోటు, కవాతు, తుపాకి. బెంగాల్ నవాబు మీర్ ఖాసిం కంపెనీకి దీటుగా కట్టిన పల్టన్లకూ ఆ పేరే. 1780 ప్రాంతంలో గులాం హుసేన్ ఖాన్ ఫారసీలో రాసిన ‘సియర్-ఉల్-ముతాఖిరీన్’ చరిత్రలో తిలంగాలు అడుగడుగునా తగులుతారు. అవధ్ నవాబు షుజా ఉద్దౌలా తిలంగా పల్టన్లు పెట్టుకున్నాడు. మహాద్జీ సింధియా కోసం సవోయ్‌వాడు ద బోయిన్ తీర్చిన సైన్యంలో పాత పద్ధతి తుపాకులవాళ్లు నజీబులు, కొత్త కవాతు నేర్చినవాళ్లు తిలంగాలు. నేపాలీ భాషలోకి కూడా ఆ మాట ఎక్కింది.

1857 మేలో మీరట్ సిపాయిలు ఢిల్లీలో అడుగుపెట్టినప్పుడు నగరవాసులు వాళ్లను ఏమని పిలిచారో ఆనాటి అర్జీల్లో, ఫిర్యాదుల్లో చదవొచ్చు. దుకాణంలో సరుకు పట్టుకుపోయింది ఎవరు? తిలంగేలు. ఇంట్లో జొరబడింది ఎవరు? తిలంగేలు. ఆ సిపాయిల్లో అత్యధికులు అవధ్, బీహార్ రైతు కుటుంబాల బ్రాహ్మణులు, రాజపుత్రులు. తెలుగు ముక్క రానివాళ్లు. మద్రాసు సైన్యం ఆ తిరుగుబాటులో చాలావరకు కలవలేదు కూడా. అయినా మొదటి స్వాతంత్ర్య సమరంలో పోరాడిన సిపాయికి ఢిల్లీ వీధుల్లో దక్కిన పేరు తెలుగువాడి పేరే.

హిందీ నిఘంటువు ‘శబ్దసాగర్’ తిలంగా దగ్గర ఈ కథనంతా క్లుప్తంగా చెబుతుంది: కంపెనీవాళ్లు మద్రాసులో తిలంగీలను సైన్యంలో చేర్చుకున్నారు, అందువల్ల ఆంగ్లేయుల ఫౌజులోని దేశీ సిపాయి తిలంగా అయ్యాడు, పిమ్మట ఏ సిపాయి అయినా తిలంగాయే, చివరికి ఒక రకం గాలిపటం కూడా. బీహార్ పిల్లల తిలంగీ అలా ఎగిరింది. ఇలా ఈ మాట దేశం పేరు నుంచి సైనికుడి పేరుకు, సైనికుడి నుంచి ఆటవస్తువుకు వచ్చింది.

దక్షిణాదిన, సముద్రాల ఆవల తెలుగువాళ్లకు దొరికిన పేర్లు వేరు. తమిళులకు వాళ్లు ఉత్తరాదివాళ్లు, అందుకని వడుగులు. ఆ మాటనే పోర్చుగీసువాళ్లు బడగ అని పలికారు. 1544లో కన్యాకుమారి తీరపు పరవ జాలరుల మీద పడిన విజయనగర సైన్యాన్ని సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ తన ఉత్తరాల్లో బడగలు అనే రాశాడు. విగ్రహారాధకులు అనే అర్థంలో పోర్చుగీసులు వాడిన ‘జెంటియో’ ఆంగ్లేయుల నోట జెంటూ అయింది. ఆ మాటకు కలకత్తాలో ఒక అర్థం, మద్రాసులో మరొకటి. 1776లో హాల్‌హెడ్ ప్రచురించిన జెంటూ చట్టాల పుస్తకంలో జెంటూ అంటే హిందువు. మద్రాసులో జెంటూ అంటే తెలుగు భాష, తెలుగు మనిషి. 1768లో ఎడ్వర్డ్ కాట్స్‌ఫర్డ్ కంపెనీ తరఫున గంజాంకు తొలి రెసిడెంటుగా వచ్చాడు. అతని మద్రాసు దొరల లెక్కలో అక్కడి తెలుగువాళ్లు జెంటూలు, పొరుగు ఒడియావాళ్ల లెక్కలో తెలెంగాలు.

బర్మాలో ఈ పేరుతో పెద్ద వాదమే నడిచింది. దిగువ బర్మాలోని మోన్ జాతిని బర్మీయులు తలైంగ్ అన్నారు. బర్మా చరిత్ర రాసిన ఆర్థర్ ఫేర్ ఆ మాట తెలింగాణ నుంచి వచ్చిందని భావించాడు, ప్రాచీనకాలంలో తెలుగు, కళింగ తీరం నుంచి అక్కడికి వలసలు జరిగాయని చెప్పాడు. ఫోర్ష్‌హామర్ అనే పండితుడు ఒప్పుకోలేదు: తలైంగ్ మోన్ భాషలోని మాటేననీ, కాలికింద నలిగినవాడు అని దాని అర్థమనీ అన్నాడు. మోన్‌లకు ఆ పేరు ఎప్పుడూ రుచించలేదు. తెలుగువాళ్లలో కొందరు మాత్రం ఫేర్ వాదాన్ని పట్టుకుని ప్రాచీన వైభవం లెక్కలు వేశారు. పేర్లు కలిసినంత మాత్రాన చుట్టరికం రుజువు కాదు, ఆ వాదం ఇప్పటికీ రుజువు కాలేదు.

రుజువున్న వలస వేరే ఉంది. అది కూలీల వలస. 19వ శతాబ్ది చివర్లోనూ 20వ శతాబ్ది మొదట్లోనూ గోపాలపూర్, కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ రేవుల నుంచి వేలమంది స్టీమర్లెక్కి రంగూన్ చేరారు. బరంపురానికి కూతవేటులో ఉన్న గోపాలపూర్ రేవు నుంచి తెలుగువాళ్లూ ఒడియావాళ్లూ కలిసే వెళ్లారు. వరిమిల్లుల్లో, ఓడరేవులో బస్తాలు మోసిన ఈ తెలుగు కూలీని రంగూన్ కోరంగీ అంది. గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు పేరది. 1839 తుపానులో ఆ రేవు ఛిద్రమైనా పేరు మిగిలి సముద్రం ఆవలి కూలీకి అంటుకుంది. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె కట్టారు, వాళ్ల స్థానంలో బర్మీయులను పనిలో పెట్టుకున్నారు, సమ్మె ముగిశాక ఆ తగవు హత్యాకాండగా మారింది. చచ్చిపోయింది చాలావరకు కోరంగీలు. 1942లో జపాన్ దండెత్తినప్పుడు మిగిలినవాళ్లు నడిచి, ఓడల్లో, ఏ దారి దొరికితే ఆ దారిలో తిరిగొచ్చారు.

మలయా వైపు కళింగ పేరే కెలింగ్ అయింది. మలక్కాలో 1748 నాటి కంపుంగ్ క్లింగ్ మసీదు, పెనాంగ్‌లో 1801లో స్థాపించిన కపితాన్ కెలింగ్ మసీదు ఆ పేరు ఒకప్పుడు మర్యాదగా వాడారనడానికి సాక్ష్యం. కూలీల కాలం వచ్చాక కెలింగ్ తిట్టుగా దిగజారింది. ఇప్పుడు మలేసియా భారతీయులు ఆ మాట వింటే నొచ్చుకుంటారు. కాశీలో తైలంగ అంటే చేతులు జోడించారు, పెనాంగ్ వీధుల్లో కెలింగ్ అంటే ముఖం చిట్లించారు. వినేవాళ్ల మనసు మారింది, పేర్లలో దోషం లేదు.

గంజాంలో కూడా ఒక దశలో ఈ పేరు మీద నీడ పడింది. ఒడియా మాట్లాడే ప్రాంతాలన్నీ ఒకే పాలన కిందికి రావాలన్న ఉద్యమానికి గంజాం తొలి వేదికల్లో ఒకటి. మద్రాసు ప్రభుత్వం కింద కోర్టుల్లో, బళ్లలో తమ భాషకు చోటులేదని గంజాం ఒడియాల ఆవేదన. అది న్యాయమైన ఆవేదనే: తాలూకా కచేరీలో రైతు భాష ఒడియా, గుమాస్తా భాష తెలుగు, దొర భాష ఇంగ్లీషు. 1903లో బరంపురంలో గంజాం జాతీయ సమితి సమావేశమైంది, అదే ఏడు కటకంలో ఉత్కళ సమ్మిళని పుట్టింది. ఆ డిసెంబరులోనే కేంద్ర కార్యదర్శి రిస్లీ గంజాంను ఒడిశాలో కలపాలన్న ప్రతిపాదనతో లేఖ రాశాడు. మద్రాసు ప్రభుత్వం అడ్డుపడటంతో అది అప్పటికి ఆగింది. 1924లో ఫిలిప్, డఫ్ అనే ఇద్దరు అధికారులు ఊరూరా తిరిగి జనాభిప్రాయం అడిగారు. 1931లో సరిహద్దులు తేల్చడానికి ఓడానెల్ కమిటీ వచ్చింది.

ఈ ఏళ్లన్నిటిలో తెలెంగా అనే మాట పొరుగు పేరు నుంచి ప్రతిపక్షం పేరుగా మారుతూ వచ్చింది. జనాభా లెక్కల కాగితంలో మాతృభాష గడి పోరాట స్థలమైంది. ఇంట్లో తెలుగు, సంతలో ఒడియా మాట్లాడే కుటుంబం ఏది రాయించాలి? లెక్కలు రాసినవాడు ఏ భాషవాడు? రెండు వైపులా ఫిర్యాదులు వెల్లువెత్తాయి. రెండు భాషల్లో బతికిన మనిషికి ఒక్క భాషే రాసే గడి తెచ్చిన తంటా అది.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. బరంపురంతో సహా గంజాంలో పెద్ద భాగం అటు పోయింది. ఇచ్ఛాపురం, మందస, టెక్కలి మద్రాసులో ఉండిపోయాయి. పాతిక కిలోమీటర్ల దూరంలోని బరంపురం, ఇచ్ఛాపురం రెండు రాష్ట్రాల్లోకి చేరాయి. ఈ పంపకం వల్ల ఊరు వదిలిన పెద్దమనిషి గిడుగు రామమూర్తి. పర్లాకిమిడిలో దశాబ్దాలు పాఠం చెప్పి, అక్కడే సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాసి, అక్కడి నుంచే వ్యావహారిక తెలుగు కోసం పోరాడిన ఆయన, పర్లాకిమిడి ఒడిశాలో కలవడంతో రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. 1940 జనవరి 22న కన్నుమూశారు. పలు భాషల మనిషిని ఒక్క భాషా సరిహద్దు ఊరి నుంచి కదిల్చింది.

సరిహద్దు గీశాక కూడా గంజాంలో తెలుగు ఆగిపోలేదు. ఠాకురాణి యాత్ర ఆగలేదు, మగ్గాలు చాలాకాలం ఆగలేదు. కానీ బరంపురం తెలుగిళ్లలో పిల్లల చదువు ఒడియాలోకి, ఇంగ్లీషులోకి మారింది. తెలుగు మాట్లాడే అమ్మమ్మకు ఒడియాలో జవాబిచ్చే మనవలు పెరిగారు. బరంపురం తెలుగును విశాఖలో విన్నవాళ్లు అది ఒడియాలా ఉందంటారు, గంజాం ఒడియాను కటకంలో విన్నవాళ్లు అది తెలుగులా ఉందంటారు. రెండూ నిజమే. శుద్ధభాష కొలబద్దతో చూసి రెండింటినీ చిన్నచూపు చూసినవాళ్లు ఉన్నారు. అది తప్పుడు కొలబద్ద. ఆ కలగలుపు వెయ్యేళ్ల సహజీవనం చేసిన పని.

తెలుగువాళ్లకు ఇతరులు పెట్టిన పేర్లలో తెలెంగా ఇరుగుపొరుగు పెట్టిన పేరు. తక్కినవి చాలావరకు దూరం నుంచి ఒక్కసారి చూసినవాళ్లు పెట్టినవి: సిపాయిని చూసి ఒకరు, కూలీని చూసి ఒకరు, పండితుణ్ణి చూసి మరొకరు. అందుకే తెలుగు భాష చరిత్ర రాసేవాళ్లు గంజాంను అంచుప్రాంతంగా విడిచిపెట్టడం పొరపాటు. ఆ మాట అసలు అర్థం తెలుసుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు.

బరంపురం విశ్వవిద్యాలయం 1967 నుంచి ఉంది. అవతలివైపు శ్రీకాకుళం దగ్గర ఎచ్చెర్లలో 2008 నుంచి అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఉంది. బరంపురం నేతవీధుల మాటలను, గోపాలపూర్ జాలరుల మాటలను, ఇచ్ఛాపురం సంత మాటలను ఈ రెండూ కలిసి సేకరిస్తే రెండు లిపుల్లో ఒక మంచి పదకోశం తయారవుతుంది. ఆ మాటలు నోటికి వచ్చినవాళ్లు ఇప్పుడు డెబ్బైలు, ఎనభైలు దాటుతున్నారు. బరంపురంలో, గంజాంలో బంధువులున్న ప్రతి తెలుగు కుటుంబమూ ఈ పనికి విశ్వవిద్యాలయాల కోసం ఎదురుచూడనక్కర్లేదు: ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి వాళ్ల మాట రికార్డు చేయండి, ఊరి పేరు, వీధి పేరు, వృత్తి పేరు రాసిపెట్టండి.